పొట్టేలు మెడ గంట

తూర్పు ఇంకా తెల్లబారుతుండగానే వకుళ సంచి సర్దడం మొదలుపెట్టింది.

నల్లగొర్రె బొచ్చుతో తల్లి నేసిన సంచి అది. ఇంటి నుంచి బయలుదేరిన నాడు మూతి ముడి పడనంత నిండుగా ఉండేది. ఇప్పుడు సగం కూడా లేదు. అడుగున అన్న మల్లిదేవుడి పాత పంచెలు పెట్టింది. వాటిమీద అతని గొంగళి మడిచి పెట్టింది. శిష్యుల పాతబట్టలు పారేసే కొట్టులోంచి ఒక్కొక్కటే దొంగిలించి దాచిన సామాను అది. అన్నిటికంటే పైన, చెయ్యి పెట్టగానే అందేట్టు, చింతకాయ తొక్కు జాడీ పెట్టింది. జాడీలో ఆఖరి ముద్ద మిగిలింది.

అన్నవి ఇంకేమైనా ఉన్నాయా అని మనసులో వెతికింది. ఏమీ తోచలేదు. ముడి వేసింది.

గిరిమల్లిక దేశంలో వానలు ముఖం చాటేసిన నాటి నుంచి, అక్కడి రాజు భువనపాలుడు తెలివైన పిల్లవాణ్ణి చూసి, సముద్రం అవతల శంఖద్వీపానికి చదువుకు పంపుతూ వచ్చాడు. అక్కడ ఆచార్య మధుకంఠుడి విద్యాపీఠంలో మేఘాన్ని పిలిచే విద్య నేర్పుతారని ప్రతీతి. పిల్లలు వెళ్ళేవారు. ఒకడు రాకపోతే మరొకణ్ణి పంపేవారు. రాతిగొంది అనే గొర్రెల కాపర్ల ఊరి నుంచి మల్లిదేవుడు అలా వెళ్ళినవాడే. అప్పటికి వకుళ అతని మూపెక్కి తిరిగే పసిపిల్ల. పెరిగి పెద్దదయ్యాక జుట్టు కోసుకుని, తలపాగా చుట్టి, వకుళదత్తుడనే పేరుతో తానూ ఓడెక్కింది. చదువుకోసం కాదు. అన్న కోసం.

బయలుదేరిన నాడు ఆమె పొలిమేర దాకా నడిచాక తొక్కు జాడీ మరిచిపోయిన సంగతి గుర్తొచ్చి వెనక్కి పరుగెత్తింది. తల్లి సోమసాని జాడీ చేతికి ఇవ్వలేదు. ముందు అరుగు చూపించింది.

"వెనక్కి వచ్చినదానివి. కూర్చో. గుక్కెడు నీళ్ళు తాగి వెళ్ళు."

"ఓడ వెళ్ళిపోతుందే అమ్మా."

"పోతే పోనీ. బయలుదేరి వెనక్కి వచ్చిన మనిషి కూర్చుని నీళ్ళు తాగకుండా మళ్ళీ గడప దాటకూడదు. మీ అన్న కూడా అంతే. పొట్టేలు మెడ గంట తీసుకోవడం మరిచానని పరుగెత్తుకుంటూ వచ్చాడు. కూర్చోబెట్టి తాగించే పంపాను."

తాగి వెళ్ళినవాడు మాత్రం ఏం తిరిగొచ్చాడని వకుళ అనబోయి నాలుక కరుచుకుంది. అరుగుమీద కూర్చుంది. నీళ్ళు తాగింది. వెళ్ళొస్తానని చెప్పింది. తల్లి ఆమె ముఖం చూడలేదు, కాళ్ళే చూసింది.

సంచి మంచం కిందికి తోస్తుండగా గంట మోగింది. విద్యాపీఠంలో లేవడానికీ తినడానికీ పాఠానికీ అన్నిటికీ ఆ గంటే. అంత పెద్ద భవనంలో అంత చిన్న గంట ఎందుకని వకుళ వచ్చిన కొత్తలో అనుకునేది. విన్నప్పుడల్లా ఆమె మెడ వెనక వెంట్రుకలు లేచేవి. ఎందుకో తెలిసేది కాదు.

శంఖద్వీపపు విద్యాపీఠాన్ని చూసి మైమరవని వాళ్ళు లేరు. సముద్రంలోంచి లేచిన స్ఫటికపు కొండను తొలిచి కట్టిన మేడ అది. పొద్దున ముత్యంలా, మధ్యాహ్నం నిప్పుకణికలా, సాయంకాలం గాయంలా రంగులు మారుతుంది. స్తంభాలమీద చెక్కిన లతలు గాలి వీస్తే ఊగుతాయి. నడుమ విశాలమైన కొలను. నీళ్ళు తేనెలా తియ్యన. గట్టు చుట్టూ తెల్లని కొంగలు ఒంటికాలిమీద నిలబడి ఉంటాయి. అవి చేపలు పట్టవు. ఎగరవు. విద్యార్థులు నడిచిపోతుంటే వాళ్ళ ముఖాల్లోకి తేరిపార చూస్తాయి.

ఆ కొలను నీళ్ళలోనే ఉంది మాయంతా. రోజుకొక గుక్కతో ఒక్కొక్కటీ పోతుంది. ముందు ఇంటి దారి, తర్వాత ఇంట్లోవాళ్ళ ముఖాలు, తర్వాత ఊరి పేరు. ఊరు మరిచినవాడు శిష్యుడు. తన పేరు మరిచినవాడు కొంగ. కాచిన నీటికి ఆ శక్తి ఉండదని వకుళ వచ్చిన కొత్తలోనే కనిపెట్టింది. అందుకే గంజి తప్ప ఏదీ తాగేది కాదు. ఆ వంటశాలలో ఉప్పు కనబడదు. ఉప్పు తగిలితే మరిచిన ఇల్లు మళ్ళీ గుర్తుకొస్తుందని ఆచార్యుడికి తెలుసు.

"ఒరే వకుళదత్తా," అన్నాడు గంజి బానల దగ్గర హేరంబుడు. ఏదో వరిపొలాల దేశం నుంచి వచ్చిన బొద్దుపాటి కుర్రవాడు. "తియ్యటి నీళ్ళు ముంగిట్లో పెట్టుకుని బాలింతలా ఈ గంజేమిట్రా?"

"నాది పైత్యపు ఒళ్ళు. చల్లనీళ్ళు పడవు."

"మా ఊళ్ళో పైత్యానికి," అని హేరంబుడు ఆగిపోయాడు. "మా ఊళ్ళో అని ఏదో అనబోయాను. నోటిదాకా వచ్చి పోయింది. పోనీలే, మళ్ళీ వస్తుంది."

నీళ్ళ సంగతి వకుళ అతనికి చాలాసార్లు చెప్పింది. చెప్పిన ప్రతిసారీ అతను భయపడి ఏడ్చాడు. తెల్లారేసరికి మరిచిపోయి కడుపునిండా తాగాడు.

పాఠం ఆకాశమండపంలో. పైకప్పు లేని ఆ మండపంలో శిష్యులు దోసిళ్ళు పట్టి కూర్చున్నారు. ఆచార్య మధుకంఠుడు వాళ్ళ మధ్య మెల్లగా నడుస్తున్నాడు. పాలలాంటి గడ్డం. తాతయ్యలాంటి చూపు. ఆ గొంతు వింటే పసిపిల్లలు కూడా ఏడుపు ఆపుతారు. అతను కోపగించగా చూసినవాళ్ళు లేరు. అందరూ అతన్ని తండ్రిగారనే పిలుస్తారు.

వకుళ మంత్రం గొణిగింది. దోసిట్లో ఉడుతపిల్లంత మబ్బు పుట్టి, ఉరిమి, చిటపట కురిసి మాయమైంది. పక్కన హేరంబుడి మబ్బు గుమ్మడికాయంత పెరిగింది.

"ఎవరిదీ మబ్బు?" అన్నాడు మధుకంఠుడు ముచ్చటపడుతూ.

"నాదే తండ్రిగారూ."

"నువ్వెవరు నాయనా?"

"నేను..." హేరంబుడు నవ్వాడు. ఆ నవ్వు అలాగే మిగిలి కళ్ళు మాత్రం వెతకడం మొదలుపెట్టాయి. తన పేరు ఇంకెవరి ముఖంమీదైనా రాసి ఉందేమో అన్నట్టు ఒక్కొక్కరినే చూశాడు. చివరికి వకుళ వైపు చూశాడు.

వకుళ పెదవి కదిపింది.

"అతన్నే చెప్పనీ నాయనా," అన్నాడు ఆచార్యుడు మెత్తగా, ఆమె భుజంమీద చెయ్యి వేసి. ఆ చేతి బరువుకు ఆమె నాలుక రాయిలా అయిపోయింది.

హేరంబుడి మెడ సాగింది. వేళ్ళు ఈకలయ్యాయి. గుమ్మడికాయంత మబ్బు అతని మీదే కురిసింది. ఆ వాన వెలిసేసరికి కూర్చున్నచోట తడిసిన తెల్లకొంగ ఒకటి నిలబడి ఉంది. అది తలవంచుకుని నడిచి వెళ్ళి గట్టుమీద ఖాళీగా ఉన్న చోట నిలబడింది. ఆ చోటు ముందే దానికోసం ఉంచినట్టుంది.

"మంచి విద్యార్థి," అన్నాడు మధుకంఠుడు. "ఈ సాయంత్రం మల్లిదేవుడి స్నాతకం. అందరూ తలంటుకుని రండి."

వకుళ దోసిలి బిగించింది. గిరిమల్లిక నుంచి వచ్చిన వర్తకుల ఓడ రేవులో ఉంది. పొద్దు వాలగానే తెరచాప ఎత్తుతుంది; ఇద్దరికి చోటు ఉంచమని దాన్ని నడిపే సరంగుకు ముందే కబురు పంపింది. అన్నకు అతని పేరొక్కటే మిగిలింది. ఆ పేరు కూడా సాయంత్రానికి పోతుంది.

మధ్యాహ్నం గంట మోగింది. భోజనాలప్పుడు కథలు చెప్పడం ఆచార్యుడికి అలవాటు. అతను చెప్పే కథలన్నీ తన చిన్ననాటివే. కాని అతనికి చిన్నతనాలు చాలా ఉన్నాయి. ఒకనాడు పడవలవాడి కొడుకు, ఒకనాడు వైద్యుడి మనవడు. ఆనాడు అతను చెప్పింది అన్న మరిచిన చిన్నతనమని వకుళకు మొదటి మాటకే తెలిసింది.

"మా అమ్మ గొంగళ్ళు నేసేది," అన్నాడు మధుకంఠుడు అరటాకుమీద వేళ్ళు ఆడిస్తూ. "బొచ్చు వడుకుతూ పాడుకునేది. నేను అల్లరి చేస్తే ఓరి గొర్రెపిల్లా అని పిలిచేది. కొట్టడానికి చెయ్యెత్తి తల నిమిరేది. ఆ చేతికి ఎప్పుడూ గొర్రెబొచ్చు వాసన వచ్చేది."

శిష్యులంతా చెమ్మగిల్లిన కళ్ళతో విన్నారు. తమకు లేని తల్లి ఆయనకు ఉన్నందుకు ఆయన్ని ప్రేమించారు.

వకుళ ఆకు మడిచి లేచింది.

స్నాతకానికి సిద్ధమైన వాళ్ళను ఉంచే గది మేడ పడమటి కొసన ఉంది. గుమ్మానికి అడ్డంగా గాజు కొండచిలువ పడుకుని ఉంటుంది. దాని ఒంట్లోంచి అవతలి గోడ కనిపిస్తుంది. అన్నం తెచ్చినవాళ్ళను తప్ప ఎవరినీ లోనికి పోనివ్వదు. వకుళ అక్కడే నేర్చిన రూపుమార్పు మంత్రం చదివింది. వీపు వంగింది, పళ్ళు ఊడాయి. వంటలక్క వేషంలో గంజి కుండ చంకన పెట్టుకుని, భుజాన సంచితో నడిచింది. చిలువ నాలుక చాపి కుండ అంచు తడిమింది. పక్కకు జరిగింది.

లోపల మల్లిదేవుడు కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. ఎండ తగలక ఒళ్ళు పాలిపోయింది. కొండలెక్కి గొర్రెల్ని అదిలించిన అన్న చేతులు ఆడపిల్ల చేతుల్లా మెత్తబడ్డాయి.

"గంజి అక్కడ పెట్టవమ్మా," అన్నాడు మర్యాదగా.

వకుళ వేషం వదిలేసింది. జాడీ తీసి, ముద్దలో సగం తుంచి, "నోరు తెరువు," అంది.

అతను ఆశ్చర్యపోతూనే తెరిచాడు. ఉప్పూ పులుపూ తగలగానే ముఖమంతా ముడుచుకుపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దవడ కదిలింది, ఆగింది, మళ్ళీ కదిలింది.

"మెంతిపిండి ఎక్కువైంది," అన్నాడు మెల్లగా. "అమ్మ మళ్ళీ చెయ్యి జారింది."

వకుళ గోడకు ఆనుకుంది.

మల్లిదేవుడు ఆమెను కిందినుంచి పైదాకా చూశాడు. "వకుళా? నీ జుట్టేదే?"

"ఉన్నదే ఇంత. లే, నడువు."

"ఇంతదానివి, ఎంతదానివయ్యావు. నా పొట్టేలు బాగుందా?"

"నువ్వు వెళ్ళిన మరుసటేడు పోయింది."

"నాన్న?"

"నడుస్తూ మాట్లాడుకుందాం."

అతను గంజి రెండు గుక్కలు తాగి లేచాడు. చల్లనీళ్ళ సంగతి ఆమె చెవిలో చెప్పింది. అతను తల ఊపాడు.

గుమ్మం దాటుతుంటే అతని ఊపిరిలో ఉప్పు వాసన పసికట్టింది చిలువ. గాజు పొలుసులు గలగలమన్నాయి. మెరుపులా లేచి మల్లిదేవుడి నడుము చుట్టేసింది. అతని పక్కటెముకలు పటపటలాడాయి. దాని నోరు అతని తలమీద గొడుగులా తెరుచుకుంది. వకుళ మిగిలిన ముద్దతో సహా జాడీని ఆ నోట్లోకి విసిరింది. చిలువ మింగింది. గాజు గొంతులో నల్లటి ముద్ద దిగిపోవడం ఇద్దరికీ కనిపించింది. అది దిగినంత మేరా బీటలు వారాయి. మరుక్షణం కొండచిలువ పెంకులై నేలమీద రాలింది.

తొక్కు అయిపోయింది. ఆ సంగతి తలుచుకునే తీరిక లేదు. పెంకులమీద పరుగెత్తారు. మెట్లు దిగారు, ఏనుగుశాల వెనకనుంచి తిరిగారు. ఇద్దరి అరికాళ్ళూ నెత్తురు.

విద్యాపీఠానికి తలుపులు లేవు. తన శిష్యుల్ని బంధించానని ఎవరూ అనకూడదని ఆచార్యుడి పట్టుదల. వాకిట రాతి గండభేరుండం ఒకటి రెక్కలు విప్పుకుని నిలబడి ఉంటుంది. దాని మొదటి తల ఒక ప్రశ్న అడుగుతుంది, రెండో తల ఒక ప్రశ్న అడుగుతుంది. ఊరు గుర్తుండి, లోపల తనదేదీ మిగలనివాడు నిజం చెబితేనే రెక్క తొలగుతుంది. అబద్ధమాడినవాడి తలమీద ముక్కు దిగుతుంది. ముక్కు కింద బండమీద పాత నెత్తుటి మరకలు ఉన్నాయి. దాటినవాడికి మళ్ళీ లోనికి దారి ఉండదు.

"నీ ఊరేది?" అంది మొదటి తల.

"రాతిగొంది," అంది వకుళ.

"లోపల నీది ఏమైనా మిగిలిందా?" అంది రెండో తల.

"లేదు."

రెక్క లేచింది. ఆమె వంతెనమీదికి దాటింది. రెక్క మళ్ళీ దిగింది. రాతి ఈకల సందుల్లోంచి అన్న ముఖం కనిపిస్తోంది. వంతెన కింద సముద్రం. దూరంగా రేవులో ఓడ. పొద్దు నీళ్ళకు జానెడు ఎత్తున ఉంది.

"నీ ఊరేది?"

"రాతిగొంది," అన్నాడు మల్లిదేవుడు. ఆ మాట అనగలిగినందుకు అతని ముఖం వెలిగింది.

"లోపల నీది ఏమైనా మిగిలిందా?"

లేదనడానికి అతను నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే స్నాతకపు గంట మోగింది.

మల్లిదేవుడి తల గంట వైపు తిరిగింది. వకుళ మెడ వెనక వెంట్రుకలు లేచాయి. ఈసారి ఎందుకో తెలిసింది.

"ఉంది," అన్నాడు అతను. "అది నా పొట్టేలు గంట."

"అన్నా, లేదని చెప్పెయ్యి."

"చెప్పి తల పోగొట్టుకోమంటావా? ఇంత దూరం నా మొండెం కోసం వచ్చావా?" అతను నవ్వాడు. పూర్వపు మల్లిదేవుడి నవ్వు అది. "అదుగో, కొలను గట్టున వేలాడుతోంది. ఊరికే తెంపుకుని వస్తాను."

"చల్లనీళ్ళు ముట్టకు."

"తెలుసులేవే. అచ్చం అమ్మలా మాట్లాడతావు."

అతను వెనక్కి పరుగెత్తాడు. వాకిట్లోంచి కొలను దాకా తిన్నని దారి. వకుళ ఈకల సందుకు కన్ను ఆనించింది.

గంట పక్కనే మధుకంఠుడు నిలబడి ఉన్నాడు. అడ్డుపడలేదు. తానే గంట విప్పి మల్లిదేవుడి చేతికి ఇచ్చాడు. "తీసుకో నాయనా. నీదే కదా."

మల్లిదేవుడు గంట పిడికిట పట్టుకుని వెనుదిరిగాడు. నాలుగడుగులు వేశాడు కూడా. అప్పుడు ఆచార్యుడు మళ్ళీ మాట్లాడాడు. ఈసారి అతని గొంతు కాదు. గొర్రెబొచ్చు వడికీ వడికీ పీచులా అయిన గొంతు. సోమసాని గొంతు.

"ఓరి గొర్రెపిల్లా. వెనక్కి వచ్చినవాడివి. కూర్చో. గుక్కెడు నీళ్ళు తాగి వెళ్ళు."

తాగొద్దని వకుళ అరిచింది. ఆమెదీ తల్లి గొంతే. కాని అక్కడ తల్లి గొంతు అప్పటికే ఒకటి పలికింది.

మల్లిదేవుడికి అన్నీ గుర్తున్నాయి. అరుగు గుర్తుంది, అమ్మ గుర్తుంది, బయలుదేరి వెనక్కి వచ్చినవాడు ఏం చేయాలో గుర్తుంది. ఏ పూటా ఆలోచించి చేసిన పని కాదది. అతను గట్టుమీద కూర్చున్నాడు. వంగి దోసిట నీళ్ళు ముంచుకుని తాగాడు. పైపంచెతో మూతి తుడుచుకుని లేచాడు. ఇక వెళ్ళొస్తానమ్మా అన్నట్టు తల ఊపి వాకిలి వైపు నడిచాడు.

ఉప్పు తెచ్చి ఇచ్చినదంతా ఆ దోసెడు నీళ్ళకే కొట్టుకుపోసాగింది. ఒక్కొక్క అడుగుకూ నడక మందగించింది. వాకిలి చేరేసరికి చేతిలోది ఏమిటో తెలియనట్టు చూస్తున్నాడు. ఈకల అవతల ఎవరో ఏడుస్తున్నారని గమనించి దగ్గరికి వచ్చాడు.

"ఈ గంట మీదా బాబూ? నా చేతిలో ఉంది. ఎలా వచ్చిందో తెలియదు." సందులోంచి దాన్ని అందించాడు. వేళ్ళు తగిలాయి. చల్లగా ఉన్నాయి.

"మల్లన్నా, నీ పేరు చెప్పు," అంది వకుళ. "నీ పేరొక్కటి చెప్పు."

"నా పేరా," అన్నాడు అతను, ఎంతో ఓపికగా. వెతికాడు. భుజాలమీద తెల్లదనం మొలుస్తోంది.

గట్టుమీది కొంగలన్నీ ఒక్కసారి తలలెత్తాయి. ఎన్నడూ ఎగరనివి లేచాయి. ఆకాశం తెల్లబడింది. వంతెనమీదికి ముక్కులు వానలా దిగాయి. వకుళ గంట నోట కరుచుకుని, దోసిలి పట్టి, చదివిన చదువంతా కూడదీసుకుని మంత్రం గొణిగింది. ఇంటిపైకప్పంత మబ్బు పుట్టి ఆమెను కప్పేసింది. ఉరుముకు వంతెన కంపించింది. ఆ చీకటి వానలో ఆమె తడుముకుంటూ పరుగెత్తింది. ఒక్క కొంగ మాత్రం వాన లోపలికి వచ్చి ఆమె తలపాగా లాగేసింది. తడిసిన బొద్దు కొంగ. పొడవలేదు. తలపాగా ముక్కున పట్టుకుని అక్కడే ఆగిపోయింది.

ఓడమీద సరంగు చెయ్యి అందించి ఆమెను పైకి లాగాడు. తలపాగా పోయి చెదిరిన పొట్టి జుట్టు, ఆడపిల్ల ముఖం చూసి తెల్లబోయాడు. వెనకాల ఇంకెవరైనా వస్తున్నారేమోనని వంతెన వైపు చూశాడు.

"ఇద్దరన్నావు కదమ్మా?"

"తాడు విప్పించండి బాబాయ్," అంది వకుళ.

లంగరు లేచింది. మబ్బు ఆమె వెంటే వచ్చి తెరచాపమీద నిలబడి కురుస్తూనే ఉంది. వెనక ద్వీపంమీంచి తెల్లటి గుంపు విడివడి ఓడ దారి పట్టింది. దాని ముందు నల్లని పడవ ఒకటి, తెడ్లు లేకుండా, నీటిని చీల్చుకుంటూ వస్తోంది. దానిమీదనుంచి ఎవరో ఆమెను చిన్ననాటి ముద్దుపేరుతో పిలుస్తున్నారు. తల్లి గొంతుతో.

వకుళ చెవులు మూసుకోలేదు, వెనక్కి తిరగలేదు కూడా. గంటను సంచిలో, గొంగళి మడతల్లో పెట్టింది. అది మోగకుండా నాలుకకు ఎర్ర దారం చుట్టింది. ముడి వేసింది.

రాతిగొంది సోమసాని కొడుకు మల్లిదేవుడు తిరిగి రాలేదు. ఓడ ద్వీపం విడిచింది కార్తీక శుద్ధ దశమి, పొద్దు వాలే వేళ.